పెన్న పుట్టింటి దారుల్లో

హొసూరంటే చాలామందికి తమిళనాడు అంచున ఉన్న ఫ్యాక్టరీల పట్నమే గుర్తొస్తుంది. ఇది ఆ హొసూరు కాదు. కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం జిల్లా, గౌరిబిదనూరు తాలూకాలో ఇంకో హొసూరుంది. తాలూకాలో ఒక భాగమైన హోబళికి కేంద్రం. అంతకుమించి పటంలో పెద్దగా కనిపించే ఊరు కాదు. దీని దగ్గర మొదలుపెట్టి విదురాశ్వత్థం, గుడిబండె, బాగేపల్లి, చింతామణి, కైవారం, శిడ్లఘట్ట చుట్టి నంది కొండ కిందికి చేరితే తీరిగ్గా రెండు మూడు రోజుల దారి అవుతుంది. బోర్డులు కన్నడంలో ఉంటాయి. టీ కొట్టు దగ్గర, బస్టాండులో, చింతచెట్ల కింద మాత్రం చాలాచోట్ల తెలుగే వినిపిస్తుంది.

బెంగళూరు జనం ఈ జిల్లాకు వారం వారం వస్తూనే ఉంటారు. శనివారం తెల్లవారుజామున బయల్దేరి, నంది కొండ మీద మబ్బుల్లో సూర్యోదయం చూస్తారు. దిగి, 2023 జనవరిలో వెలసిన 112 అడుగుల ఆదియోగి విగ్రహం ముందు ఫొటో దిగి, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరతారు. మనవాళ్ళ సంగతి ఇంకా విచిత్రం. హైదరాబాదు, కర్నూలు, అనంతపురం నుంచి బెంగళూరు పోయే బస్సులన్నీ 44వ నంబరు జాతీయ రహదారి మీద బాగేపల్లి గుండానే పోతాయి. అయితే అవి రాత్రి బస్సులు. ఈ నేలంతా మనం నిద్రలో దాటేస్తాం.

అరిజోనా, నెవాడా ఎడారి దారుల్లో వందల మైళ్ళు కారు నడిపి, ఎర్ర రాళ్ళ ముందు నిలబడి ఫొటోలు పంపే తెలుగు పిల్లలు ఇవాళ ఊరికొకరున్నారు. వాళ్ళు గ్రాండ్ కెన్యన్‌తో పోల్చి మురిసిపోయే గండికోట లోయను కోసింది పెన్నానది. ఆ పెన్న పుట్టింది నంది కొండల వరుసలో, ఇక్కడే. కన్నడంలో ఉత్తర పినాకిని అంటారు. పాలారు, దక్షిణ పినాకిని, అర్కావతి, చిత్రావతి, పాపాగ్ని కూడా ఈ చుట్టుపక్కల కొండల్లోంచి దిగిపోయేవే. ఇన్ని నదులకు పుట్టిల్లయిన జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు.

అలాగని ఇది ఎడారి కాదు. జైసల్మేరు తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా అని మనం బడిలో చదువుకున్న ఉమ్మడి అనంతపురానికి ఇది పొరుగు. వాన కొంచెం మెరుగు, అంతే. గుండ్లు పేర్చినట్టున్న కొండలు, వాటి మధ్య ఎర్ర చేలు, గట్ల మీద కానుగ, వేప, చింత, సీతాఫలం. కొండకొకటి చొప్పున కింద ఒక చెరువు. ఈ నేలను అర్థం చేసుకోవాలంటే కొండలెక్కడం కన్నా చెరువు కట్టలెక్కడం మేలని నా అభిప్రాయం. ఇక్కడ చరిత్రంతా నీళ్ళ చుట్టూనే తిరిగింది. రాజులూ, ఇంజనీర్లూ, ఎన్నికలూ, కోర్టు కాగితాలూ అన్నీ.

హొసూరులో కోటలూ గుళ్ళూ వెతకడానికి పోనక్కర్లేదు. ఆ ఊరికి పోవలసింది ఒక మనిషి కోసం. హెచ్. నరసింహయ్య అక్కడ 1920 జూన్ 6న ఒక పేద ఇంట పుట్టాడు. ఇంటిపేరులా మోసిన ఆ మొదటి అక్షరం ఊరిదే. ఎనిమిదో తరగతి దాకా అక్కడే చదివి, 1935లో బెంగళూరు నేషనల్ హైస్కూల్లో చేరడానికి బయల్దేరాడు. బస్సుకు డబ్బుల్లేక నడిచే పోయాడు. ఇవాళ కారులో రెండు గంటల్లోపు ముగిసే దారి అది. క్విట్ ఇండియా ఉద్యమంలో చదువు ఆపి జైలుకెళ్ళాడు. తర్వాత భౌతికశాస్త్రం చదివి, అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో అణు భౌతికంలో డాక్టరేటు చేసి, తిరిగొచ్చి అదే నేషనల్ కాలేజీలో పాఠాలు చెప్పాడు. పెళ్ళి చేసుకోలేదు. కాలేజీ హాస్టల్లోనే ఒక గదిలో బతుకంతా గడిపాడు. 1962లో బెంగళూరు సైన్స్ ఫోరమ్ పెట్టాడు. బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయ్యాడు. గౌరిబిదనూరులో, బాగేపల్లిలో నేషనల్ కాలేజీలు రావడానికి ఆయనే కారణం. నడిచిపోయి చదువుకున్నవాడికి, చదువు నడిచి ఊరికి రావాలన్న పట్టుదల ఉండటం సహజం. 1984లో పద్మభూషణ్ వచ్చింది. 2005లో కన్నుమూశాడు.

ఆయన పేరు దేశమంతా మారుమోగింది మాత్రం వేరే విషయంలో. వైస్ చాన్సలర్‌గా ఉంటూ 1976లో అద్భుతాలనూ మూఢనమ్మకాలనూ శాస్త్రీయంగా పరీక్షించడానికి ఒక కమిటీ వేశాడు. పుట్టపర్తి సత్యసాయిబాబాకు ఒకటికి మూడు ఉత్తరాలు రాశాడు, మా ముందు, మేం పెట్టిన షరతుల్లో చేసి చూపించండి అని. పరీక్ష జరగలేదు. మానవ ఇంద్రియాలకు అందేవాటికే విజ్ఞానం పరిమితం కావాలన్నది బాబా వైపు మాట. దేశమంతా పత్రికల్లో వాదోపవాదాలు నడిచాయి. ఆ వాదంలో ఎవరిది పైచేయి అన్నది పాఠకుల ఇష్టం. పటం ముందు పెట్టుకుంటే నాకు తట్టేది ఇంకొకటి. సవాలు విసిరిన మనిషి ఊరూ, సవాలు అందుకున్న మనిషి ఊరూ ఒకే ఎండ నేలకు అటూ ఇటూ ఉన్నాయి. కారులో ఒక పూట దూరం. పుట్టపర్తి పక్కన పారే చిత్రావతి ఈ జిల్లా నుంచి వచ్చిందే. అంత భక్తికీ అంత హేతువాదానికీ ఒకే కరువు నేల చోటిచ్చింది.

విజ్ఞానం ఈ పక్కలకు మరో దారిలో కూడా వచ్చింది. గౌరిబిదనూరు చుట్టుపక్కల చేల మధ్య 1965 నుంచి భాభా అణు పరిశోధనా కేంద్రం వారి భూకంప లేఖన కేంద్రం ఉంది. పాత గట్టి బండ, సముద్రపు హోరు అందని దూరం, అప్పట్లో పెద్ద రద్దీ లేని పల్లెలు. నేలలో సన్నని వణుకు కూడా స్పష్టంగా తెలుస్తుంది. ఎక్కడో ఖండాల అవతల భూమి లోపల అణు పరీక్ష జరిగితే ఇక్కడి రాయి పసిగడుతుంది. దాని పని అదే. అదే తాలూకాలో 1976 నుంచి రేడియో దుర్భిణి కూడా పనిచేస్తోంది. పైకి చూస్తే తీగలూ కర్రలూ పాతిన పొలంలా ఉంటుంది. టి ఆకారంలో వెయ్యి యాంటెన్నాలు, తూర్పు పడమరగా కిలోమీటరుకు పైగా పొడవు. సూర్యుడి నుంచీ నక్షత్రాల మధ్య నుంచీ వచ్చే పొడవాటి రేడియో తరంగాలను అది పడుతుంది. పంటకు పనికిరాదని పెదవి విరిచే నేల ఆకాశం వినడానికి పనికొచ్చింది. లోపలికి ఎవరు పడితే వాళ్ళు పోవడానికి వీల్లేదు. ముందే అనుమతి తీసుకోవాలి.

గౌరిబిదనూరు నుంచి హిందూపురం దారిలో ఆరు కిలోమీటర్లు పోతే విదురాశ్వత్థం. పినాకిని ఒడ్డు. మహాభారత విదురుడు నాటాడని చెప్పుకునే రావిచెట్టు ఉండేది, 2001లో కూలిపోయింది. దాని చుట్టూ భక్తులు ప్రతిష్ఠించిన నాగశిలలు వేలల్లో ఉన్నాయి. పిల్లలు లేనివాళ్ళు, నాగదోషం ఉందనుకునేవాళ్ళు ఇటు హిందూపురం నుంచీ అటు బెంగళూరు నుంచీ వస్తారు. చాలామంది పూజ ముగించుకుని వెళ్ళిపోతారు. పక్కనే ఉన్న తోటలోకి పోరు. పోవాలి.

1938 ఏప్రిల్ 25న ఆ తోటలో జాతీయ జెండా ఎగరేయడానికి వేలమంది రైతులు చేరారు. అప్పుడిది మైసూరు సంస్థానం. అదే నెలలో మండ్య జిల్లా శివపురంలో జెండా సత్యాగ్రహం జరిగి, ఊరూరా ఆ పూనిక పాకింది. ఇక్కడ సభలు కూడదని నిషేధం పెట్టారు. జనం లెక్కచేయలేదు. పోలీసులు కాల్చారు. సర్కారు లెక్కలో చనిపోయినవాళ్ళు తక్కువ. జనం లెక్కలో ముప్పైకి పైనే. దేశం ఉలిక్కిపడింది. సర్దార్ పటేల్, ఆచార్య కృపలానీ మైసూరుకు వచ్చారు. దివాను మీర్జా ఇస్మాయిల్‌తో ఒప్పందం కుదిరింది. మైసూరు జెండాతో పాటు కాంగ్రెసు జెండాను కూడా ఎగరేసుకోవచ్చని సంస్థానం దిగొచ్చింది. దక్షిణాది జలియన్‌వాలాబాగ్ అని దీనికి పేరు. పేరైతే పెట్టారు గానీ, మన పాఠ్యపుస్తకాల్లో దీని గురించి ఒక్క పేరా కనబడదు. చనిపోయినవాళ్ళు ఈ సరిహద్దు పల్లెల వాళ్ళు. సరిహద్దుకు రెండు వైపులా వాళ్ళ బంధువులుండి ఉంటారు. స్మారక స్తూపం, వీరసౌధలో బొమ్మల ప్రదర్శన ఉన్నాయి. గంట సేపు కేటాయించండి.

ఇదే తాలూకాలో అలీపురం అనే ఊరుంది. షియా ముస్లింల ఊరు. రత్నాలు సానబట్టడం చాలామందికి వృత్తి. ఈ ఎండ పల్లెల మధ్య నీలాలూ కెంపులూ మెరుగుపెట్టే కుటుంబాలు ఉన్నాయంటే కొత్తవాళ్ళు నమ్మరు.

కల్లూడి దగ్గర ఆగాలి. గౌరిబిదనూరును ఆనుకున్న ఊరు. ఈ చుట్టుపక్కల కల్లూడి అప్పడాలంటే తెలియనివాళ్ళు లేరు. ఇంటింటా ఆడవాళ్ళు అప్పడాలు ఒత్తి ఎండబెడతారు. ఎండ ఉన్నచోట ఎండనే పెట్టుబడి చేసుకోవడం అన్నమాట. నేను ఆగమన్నది అప్పడాల కోసం మాత్రమే కాదు. 1388 నాటి ఒక శాసనం కోసం. గౌరిబిదనూరు తాలూకాలో దొరికిన రాతి శాసనమిది, ఎపిగ్రాఫియా కర్ణాటికాలో అచ్చయింది. రెండో హరిహరరాయల కొడుకు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో ఉండి పాలిస్తున్న రోజులు. పెన్న నీళ్ళను పెనుకొండకు తీసుకురావాలని ఆయన ఆజ్ఞాపించాడు. ఆ పని సింగయభట్టుకు అప్పగించాడు. శాసనం ఆయనను పది విద్యలు ఎరిగినవాడు, జలసూత్రం తెలిసినవాడు అంటుంది. సింగయభట్టు కల్లూడి దగ్గర నుంచి సిరువర చెరువు దాకా కాలువ తవ్వించాడు. దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని పేరు పెట్టాడు.

ఈ నాలుగు వాక్యాలను నిదానంగా చదవాలి. ఆరు వందల ఏళ్ళ కిందట ఒక ఇంజనీరు పేరు రాయి మీదికెక్కింది. గుడి కట్టించిన రాజుల పేర్లు, దానం పట్టిన బ్రాహ్మల పేర్లు శాసనాల్లో కోకొల్లలు. నీటి వాలు లెక్కగట్టినవాడి పేరు అరుదు. రెండో సంగతి, ఆ కాలువ ఇవాళ్టి కర్ణాటకలో మొదలై ఇవాళ్టి ఆంధ్రలోకి పోవాల్సిన నీళ్ళ కోసం తవ్వింది. అప్పుడు మధ్యలో గీత లేదు. కొండలూ వాలూ చూసి పని చేశారు. వానాకాలం పడిన నాలుగు చినుకుల్ని పారబోసుకోకుండా ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు, దాని అలుగు నుంచి కింది చెరువుకు దించుకుంటూ పోయారు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది, మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలను అది లెక్కపెట్టి చెబుతుంది. ఈ రెండు శాసనాలకూ మధ్య ఇరవై ఏళ్ళ తేడా కూడా లేదు. కరువు సీమలో నీటి శాస్త్రం ఎంత ముదిరి ఉండేదో తెలుస్తుంది.

ఆ తర్వాత గీత వచ్చింది. మైసూరు సంస్థానానికీ మద్రాసు ప్రెసిడెన్సీకీ 1892లో కుదిరిన ఒప్పందం కావేరి తగాదాలో అందరికీ తెలిసింది. కావేరితో పాటు ఆ జాబితాలో ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపాగ్ని కూడా ఉన్నాయి. వాటి మీద మైసూరు వాళ్ళు కొత్త కట్టడం కట్టాలంటే మద్రాసు ఒప్పుకోవాలి. ఎగువ ఊరు దిగువ ఊరిని అడగాలి. కింద ఉన్నవాడి భయం న్యాయమైనదే, పైన ఉన్నవాడి దాహమూ న్యాయమైనదే. ఈ జిల్లా వాళ్ళకు ఆ ఒప్పందం ఇప్పటికీ మంట.

జంతువుల మీద ఇష్టం ఉన్నవాళ్ళు గౌరిబిదనూరు నుంచి పడమరకు తిరిగి, తుమకూరు జిల్లా మధుగిరి తాలూకాలోని మైదనహళ్ళికి పోవచ్చు. ఈ చుట్టుపక్కల జాతీయ పార్కు అంటూ ఏమీ లేదు. కృష్ణజింకల కోసం కాపాడిన గడ్డి నేల ఇది, సుమారు 800 ఎకరాలు. జయమంగళి నది పేరుతో 2007లో రక్షిత ప్రాంతమైంది. ఆ నది కూడా పెన్నలో కలిసేదే. చుట్టూ చేలు, మధ్యలో గడ్డి, అందులో జింకల మందలు. పొద్దున్నే పోవాలి. పది దాటితే అవి నీడ చూసుకుంటాయి, మనకూ తల మాడుతుంది.

తూర్పుకు తిరిగి గుడిబండె దారి పడితే దృశ్యం మారుతుంది. దారి అడిగితే జవాబు తెలుగులోనే వస్తుంది. "గుడిబండెకా సామీ? ఇట్లే నేరుగా పోండి, చెరువు కట్ట వస్తాది, కట్ట మిందనే దావ." ఆ చెరువు భైరసాగరం. ఊరి మీద నిలబడి ఉన్న బండ కొండ మీద కోట. రెండూ పదిహేడో శతాబ్దపు పాళెగాడు బైరేగౌడ కట్టించినవని చెబుతారు. ఉన్నవాళ్ళను కొట్టి లేనివాళ్ళకు పెట్టిన దొరగా ఆయన మీద కథలున్నాయి. పాళెగాళ్ళందరి మీదా ఈ కథలే ఉంటాయనుకోండి, అయినా వినడానికి బాగుంటాయి.

కోట ఏడు అంచెలుగా పైకి పోతుంది. మధ్యమధ్య బండలోనే తొలిచిన దొనలు పంతొమ్మిది. కొండ మీద పడ్డ వాన పై దొన నిండి కింది దొనలోకి, అది నిండి దాని కిందికి, చివరికి లోయలో చెరువులోకి. పైన నిలబడితే భైరసాగరం భారతదేశం పటంలా కనబడుతుందని ఊళ్ళో పిల్లలు కూడా చూపిస్తారు. నీళ్ళు నిండుగా ఉన్న ఏడాది కనబడుతుంది. లేని ఏడాది పటంలో దక్షిణాది మొత్తం ఎండిపోయి ఉంటుంది. మెట్లు నిటారుగా ఉంటాయి, పైకి పోయేకొద్దీ గోడలు విరిగి ఉంటాయి. మోకాళ్ళ బాధ ఉన్నవాళ్ళు మూడో అంచె దాకా పోయి కూచుంటే చాలు, నీళ్ళ లెక్క అక్కడికే అర్థమవుతుంది.

ఇక్కడి నుంచి హైవే వైపు పోతుంటే కొండల్లో కొన్ని సగం కోసేసి కనిపిస్తాయి. గ్రానైటు, కంకర క్వారీలు. బెంగళూరు మేడలకు, రోడ్లకు రాయి పోయేది ఇక్కడి నుంచే. 2021 ఫిబ్రవరిలో హిరేనాగవల్లి దగ్గర క్వారీకి చెందిన జిలెటిన్ పేలి ఆరుగురు చనిపోయారు. కొండ పోతే వాన జారే బండ పోయినట్టే, కింద చెరువుకు వచ్చే వరవ పోయినట్టే. పర్యాటక శాఖ కరపత్రాల్లో ఈ కొండల ఫొటోలు ఉండవు.

బాగేపల్లికి వచ్చేసరికి తెలుగు పొరుగూరన్న భావన పోతుంది, మన ఊరే అనిపిస్తుంది. బెంగళూరుకు 100 కిలోమీటర్లు, ఆంధ్ర సరిహద్దు కొడికొండ చెక్‌పోస్టు పక్కనే. సినిమా పోస్టర్లు తెలుగువి. ఎన్నికల ప్రసంగాలు కూడా చాలావరకు తెలుగులోనే. అందుకే నటుడు సాయికుమార్ ఇక్కడ 2008లోనూ 2018లోనూ భాజపా తరఫున పోటీ చేశాడు. రెండుసార్లూ ఓడిపోయాడు. డైలాగు వేరు, ఓటు వేరు అని బాగేపల్లి వాళ్ళు తేల్చేశారు. కర్ణాటకలో సీపీఎంకు బలమున్న అతి కొద్ది చోట్లలో ఇదొకటి. జి.వి. శ్రీరామరెడ్డి 1994లోనూ 2004లోనూ ఇక్కడి నుంచి గెలిచాడు. భూమి, కూలి, తాగునీళ్ళు ఇక్కడి రాజకీయం. ఎండ ఎక్కువైనచోట ఎర్రజెండా నిలబడటంలో వింతేమీ లేదు.

ఊరి పేరు భాగ్యనగరంగా మార్చాలని 2025 జూలైలో నంది కొండ మీద జరిగిన కర్ణాటక మంత్రివర్గ సమావేశం నిర్ణయించింది. పల్లి అన్న మాటలో తెలుగు వాసన ఉందన్నది పేరు మార్పు కోరినవాళ్ళ వాదన. హైదరాబాదును ఆ పేరుతో పిలిచే తెలుగువాళ్ళకు నవ్వొస్తుంది. టీ కొట్టు దగ్గర ఇప్పటికీ బాగేపల్లే.

చిత్రావతి ఈ ఊరి పక్క నుంచే పోతుంది. బాగేపల్లి, గుడిబండె తాగునీటి కోసం పరగోడు దగ్గర నదికి అడ్డంగా ఆనకట్ట కట్టబోతే, 2000ల తొలి ఏళ్ళలో ఆంధ్రప్రదేశ్ అడ్డం తిరిగింది. బుక్కపట్నం చెరువుకు నీళ్ళు రావని అనంతపురం రైతుల గోల. ఇద్దరు ముఖ్యమంత్రుల స్థాయి తగాదా అయింది. చివరికి ఆనకట్ట వచ్చింది. వాన సరిగా కురిసిన ఏడాది దాని మీద నుంచి నీళ్ళు దూకుతుంటే చూడటానికి చుట్టుపక్కల జనం పిల్లల్నేసుకుని వస్తారు. అదే ఇక్కడి జలపాతం. ఆ నీళ్ళే పుట్టపర్తి, ధర్మవరం దాటి గండికోట జలాశయం దగ్గర పెన్నలో కలుస్తాయి.

కొడికొండ నుంచి లేపాక్షి దగ్గరే. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయం, ఏకశిలా నంది, నేలకు ఆనని స్తంభం గురించి తెలుగువాళ్ళకు మళ్ళీ చెప్పనక్కర్లేదు. ఒకటే మనవి. స్తంభం కింద తువ్వాలు దూర్చడం కోసం వరసలో నిలబడే బదులు తల పైకెత్తి కప్పు మీది బొమ్మలు చూడండి. ఆ చీరల అంచులు, తలపాగలు, మడమ నగలు అయిదు వందల ఏళ్ళ కిందటి ఈ సీమ మనుషులవి.

బాగేపల్లి నుంచి చేళూరు మీదుగా చింతామణికి పోయే దారి నాకు అన్నిటికన్నా ఇష్టం. బండ్లు తక్కువ. పాపాగ్ని ఈ పక్కలనే దాటుతుంది, ఇసుక తప్ప నీళ్ళు కనబడకపోవచ్చు. ఒకప్పుడు సామాజిక అడవుల పేరుతో ఊరూరా నాటిన నీలగిరి తోటలు మధ్యమధ్య వస్తాయి. కట్టెకు, కాగితానికి డబ్బొస్తుందని రైతులూ వేసుకున్నారు. భూమిలో నీళ్ళు తాగేస్తోందన్న మొత్తుకోళ్ళ తర్వాత 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి వేయడాన్ని నిషేధించింది. ఈలోగా బోర్లు వెయ్యి అడుగులు దాటిపోయాయి. అంత లోతు నీళ్ళలో ఫ్లోరైడు. పళ్ళ మీద గోధుమరంగు చారలున్న పిల్లలు ఈ పల్లెల్లో కనబడతారు. నల్గొండ చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

తిండి సంగతి ఇక్కడే. మధ్యాహ్నం రాగి ముద్ద అడగండి. డిసెంబరు, జనవరిలో పోతే అనపకాయల కాలం. గింజల్ని నానబెట్టి, వేళ్ళతో పితికి తోలు తీసిన పప్పుతో చేసే పులుసు ముద్దలోకి తింటే ఆ పూటకు ఇంకేమీ అక్కర్లేదు. పెద్ద హోటళ్ళలో దొరకదు. బస్టాండు పక్కన చిన్న మెస్సుల్లో వెతకాలి. చింతామణి సంతలో టమాటా బుట్టలు, చింతపండు, మామిడికాయల కాలంలో మామిడి. ఊరికి దగ్గరలో మురుగమల్ల దర్గా. హిందువులూ ముస్లింలూ మొక్కులు తీర్చుకోడానికి వస్తారు.

చింతామణి నుంచి కైవారం పదిహేను కిలోమీటర్లకు మించదు. భీముడు బకాసురుణ్ణి చంపిన ఏకచక్రపురం ఇదేనంటారు. నేను పోయేది మాత్రం తాతయ్య కోసం. కైవారం తాతయ్య, యోగి నారేయణ యతీంద్రులు. 1726లో బలిజ ఇంట పుట్టి, గాజులు అమ్ముకుంటూ ఊళ్ళు తిరిగినవాడు. 110 ఏళ్ళు బతికాడని భక్తుల నమ్మిక. గురువు నోట్లో గులకరాయి పెట్టుకుని జపం చెయ్యమన్నాడట, అది కలకండ అయ్యేదాకా. గాజుల మలారం మోసుకుంటూ ఊరూరా తిరిగిన మనిషి కాబట్టి ఆయన పదాల్లో సంతల భాష ఉంటుంది. తెలుగులోనూ కన్నడంలోనూ రాశాడు. అమర నారేయణ శతకం తెలుగు. కాలజ్ఞానం కూడా చెప్పాడు. మనకు పోతులూరి వీరబ్రహ్మం ఎంతో ఈ సీమకు తాతయ్య అంత. అయినా మన సాహిత్య చరిత్రల్లో ఆయనకు దక్కిన చోటు చాలా తక్కువ. కృష్ణా గోదావరి మధ్య పుట్టి ఉంటే ఇంతపాటికి ఆయన మీద డజను పరిశోధనలు వచ్చేవి. గురుపౌర్ణమికి మూడు పగళ్ళూ మూడు రాత్రులూ ఆగకుండా సంగీతం సాగుతుంది. తెలుగు కీర్తనలు వినడానికి కన్నడ సీమకు పోవడమన్నది ఎంత బాగుంటుందో విన్నవాళ్ళకే తెలుస్తుంది. మఠంలో భోజనం పెడతారు, మొహమాటపడకండి.

తిరుగు దారి శిడ్లఘట్ట మీదుగా. పట్టుగూళ్ళ సంత ఇక్కడ చాలా పెద్దది. పొద్దున పోతే వెదురు చాటల నిండా తెల్లటి, పచ్చటి గూళ్ళు, వాటిని చేత్తో నొక్కి ధర చెప్పే, దారం తీసే రీలర్లు. మీ ధర్మవరం చీరలో దారం ఈ సంత దాటి వచ్చి ఉండవచ్చు.

నంది కొండ చేరాక పైకి ఎక్కడం తర్వాత, ముందు కిందనే నంది పల్లెలో భోగనందీశ్వరాలయం చూడండి. తొమ్మిదో శతాబ్దం నాటికే ఉన్న గుడి. నొళంబులు మొదలుపెడితే, చోళులు, హొయసలులు, విజయనగర రాజులు తలొక చెయ్యీ వేశారు. జంట గుళ్ళ నడుమ చిన్న ఉమామహేశ్వర సన్నిధి. వెనక శృంగితీర్థం అనే కోనేరు, నాలుగు వైపులా మెట్లు, చుట్టూ మండపం. పైన టిప్పు కోట. 1791 అక్టోబరులో కారన్‌వాలిస్ సేన దాన్ని పట్టుకుంది. 1986లో సార్క్ దేశాధినేతలు సమావేశం మధ్యలో తీరిక కోసం పైకి వచ్చారు. పక్షుల మీద ఆసక్తి ఉంటే పసుపు గొంతు పికిలిపిట్ట కోసం చూడండి. దక్షిణాది రాతి కొండల్లో తప్ప ఎక్కడా ఉండదు.

కొండకు దగ్గరలోనే ముద్దేనహళ్ళి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు. ఇంటిపేరులోని మోక్షగుండం ఆంధ్రలోని గిద్దలూరు వైపు ఊరు. పూర్వీకులు అక్కడి నుంచి వలస వచ్చినవాళ్ళు. ఆయన చదువు చిక్కబళ్ళాపురంలో మొదలైంది. పూణె దగ్గర ఖడక్‌వాస్లాలో నీళ్ళు పెరిగితే వాటంతటవే తెరుచుకునే గేట్లు పెట్టింది ఆయనే. కృష్ణరాజసాగరం సరే, 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచేశాక ఆయన సలహా మీదనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. హైదరాబాదీలు తరాలుగా తాగిన నీళ్ళకు ఈ పల్లెతో సంబంధం ఉంది. పుట్టిన ఇంటి దగ్గర మ్యూజియం, కాస్త అవతల సమాధి. ఇంత నీటి పని తెలిసిన మనిషి పుట్టిన జిల్లాకు మాత్రం పెద్ద ఆనకట్ట లేదు. కట్టడానికి ఏడాది పొడుగునా పారే నది ఉంటే కదా.

ఇప్పుడు ఆ చుట్టుపక్కల చెరువుల్లో నీళ్ళు కనబడుతున్నాయంటే వాన ఒక్కటే కారణం కాదు. బెంగళూరు హెబ్బాళ, నాగవార వైపు మురుగును శుద్ధి చేసి, పెద్ద పైపుల్లో ఈ జిల్లా చెరువులకు పంపుతున్నారు. హెచ్.ఎన్. వ్యాలీ ప్రాజెక్టు అంటారు. ఎండిపోయిన బావుల్లో ఊట వచ్చిందని కొందరు రైతుల సంతోషం. శుద్ధి రెండో అంచెతో ఆపేశారు, మూడో అంచె కూడా చెయ్యాలి, ఈ నీళ్ళు భూమిలోకి దిగి మా తాగునీటి బోర్లలో కలుస్తాయి అని ఇంకొందరి గొడవ. కట్ట మీద కారాపి నిలబడితే ఇద్దరూ మీతో మాట్లాడతారు, తెలుగులోనే. రెండో మాట చెప్పేవాళ్ళు ఎక్కువ సేపు మాట్లాడతారు. వాళ్ళ దగ్గర నీళ్ళ పరీక్ష కాగితాలుంటాయి.